పాత ల్యాప్‌టాప్‌తో ఇంట్లోనే హై-ఫై: ఖర్చు దేనికి పెట్టాలి, దేనికి అక్కర్లేదు?

వాడకం తగ్గిన ల్యాప్‌టాప్‌లు చాలా ఇళ్లలో బీరువా పైకో, అటక మీదికో చేరుతున్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కావలసిన అర్హతలు లేని యంత్రాలను పాతసామాన్లవారికి ఇచ్చేయాలా, మరో పనికి వాడుకోవాలా అన్న ప్రశ్న దీంతో చాలా కుటుంబాలకు ఎదురైంది. ఆఫీసు పనికి చాలని అలాంటి యంత్రం కూడా సంగీతానికి ఇప్పటికీ చాలు. సరైన స్పీకర్లు జత చేసి, గదిలో వాటిని సరిగ్గా అమర్చితే తక్కువ వ్యయంతో మంచి హై-ఫై వ్యవస్థ సిద్ధమవుతుంది. అయితే ఈ ప్రయత్నంలో డబ్బు తరచుగా అవసరం లేని చోట ఖర్చవుతుంది. డబ్బు స్పీకర్లకు, శ్రద్ధ గదికి దక్కాలన్నది ఇక్కడ ప్రధాన సూత్రం.

ల్యాప్‌టాప్ సామర్థ్యం ఎంత కావాలి?

ఫిలిప్స్, సోనీ సంస్థలు రూపొందించిన కాంపాక్ట్ డిస్క్ 1982లో మార్కెట్లోకి వచ్చింది. అందులో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల సంఖ్యగా నమోదు చేస్తారు. కుడి, ఎడమ చానళ్లు రెండూ కలిపితే సెకనుకు 14,11,200 బిట్లు. మనిషి చెవికి వినిపించే ధ్వని గరిష్ఠంగా 20 కిలోహెర్ట్జ్ వరకే కనుక ఈ కొలతలు దాన్ని పూర్తిగా పట్టుకోగలవు. ఇంత సమాచారాన్ని చదివి వినిపించడం పదేళ్లనాటి ల్యాప్‌టాప్‌కు కూడా ఏమాత్రం భారం కాదు. కాబట్టి సంగీతం కోసం కొత్త కంప్యూటర్ కొనవలసిన పని లేదు.

ల్యాప్‌టాప్ బలహీనత మరోచోట ఉంది. సంఖ్యలను విద్యుత్ తరంగంగా మార్చే భాగాన్ని డిజిటల్-అనలాగ్ కన్వర్టర్ అంటారు. వాడుకలో ఇది 'డ్యాక్'. ల్యాప్‌టాప్ లోపల ఈ భాగం ప్రాసెసర్, వైఫై, చార్జింగ్ సర్క్యూట్ల పక్కనే ఇరుకుగా ఉంటుంది. మౌస్ కదిలించినప్పుడు, ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడు స్పీకర్లలో సన్నని చిటపటలు, 'కీ' మనే శబ్దం వినిపించడానికి తరచుగా ఇదే కారణం. యూఎస్‌బీ పోర్టుకు తగిలించే బయటి డ్యాక్ వాడితే ఆ మార్పిడి ల్యాప్‌టాప్ వెలుపల జరుగుతుంది. చిన్న తోకలాంటి డ్యాక్‌లు వెయ్యి రూపాయల ప్రాంతంలోనే దొరుకుతున్నాయి.

అయినా అది మొదట కొనవలసిన వస్తువు కాదు. ముందుగా హెడ్‌ఫోన్ పోర్టు నుంచి స్పీకర్లకు తీగ కలిపి వినాలి. పాట ఆపినప్పుడు నిశ్శబ్దంగా ఉంటే, పాడుతున్నప్పుడు శుభ్రంగా వినిపిస్తే డ్యాక్ అక్కర్లేదు. కొన్ని పవర్డ్ స్పీకర్లకు యూఎస్‌బీ పోర్టు ఉంటుంది. దాని ద్వారా ల్యాప్‌టాప్‌ను నేరుగా కలపగలిగితే డ్యాక్ స్పీకర్లోనే ఉన్నట్లు లెక్క.

పది రూపాయల్లో ఏడెనిమిది స్పీకర్లకే

ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి మొత్తాల కంటే వాటాలను గుర్తుంచుకోవడం మేలు. మొత్తం పది రూపాయలనుకుంటే ఏడెనిమిది రూపాయలు స్పీకర్లకు, వాటిని నడిపే యాంప్లిఫయర్‌కు కేటాయించాలి. అవసరమైతే ఒక రూపాయి డ్యాక్‌కు, మిగిలింది తీగలకు, స్టాండ్లకు సరిపోతుంది. గొలుసులో ధ్వనిని అన్నిటికంటే ఎక్కువగా మార్చేది స్పీకరే. రెండు డ్యాక్‌ల మధ్య తేడా పోల్చుకోవడం కష్టం కానీ, రెండు స్పీకర్ల మధ్య తేడా ఎవరికైనా తెలుస్తుంది.

స్పీకర్లలో రెండు రకాలున్నాయి. యాంప్లిఫయర్ లోపలే ఉండేవి పవర్డ్ స్పీకర్లు. బయటి యాంప్లిఫయర్ కావలసినవి పాసివ్ స్పీకర్లు. కొత్తగా మొదలుపెట్టేవారికి పవర్డ్ స్పీకర్ల జత చౌక, సులువు కూడా. ఇంట్లో పని చేస్తున్న పాత స్టీరియో యాంప్లిఫయర్ ఉంటే మాత్రం పాసివ్ స్పీకర్లు లాభదాయకం. ల్యాప్‌టాప్ తీగను యాంప్లిఫయర్ వెనుక 'ఆక్స్' లేదా 'సీడీ' అని ఉన్న చోట కలపాలి. 'ఫోనో' అని ఉన్న చోట కలపకూడదు. అది గ్రామఫోన్ రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతం కోసం ఉద్దేశించింది. అక్కడ కలిపితే ధ్వని వికృతమవుతుంది.

బ్లూటూత్ సౌకర్యంగా ఉన్నా, సాధారణంగా సంగీతాన్ని మళ్లీ కుదించి పంపుతుంది. ల్యాప్‌టాప్ స్పీకర్ల దగ్గరే ఉండే ఏర్పాటులో తీగే మేలు. అలాగని ఖరీదైన తీగ అక్కర్లేదు. యూఎస్‌బీ తీగలో వెళ్లేవి సంఖ్యలు. అవి సరిగ్గా చేరితే చౌక తీగకూ ఖరీదైన తీగకూ వినికిడిలో తేడా ఉండదు.

వాట్ల అంకెలతో జాగ్రత్త

చిన్న స్పీకర్ల అట్టపెట్టెల మీద 'పీఎంపీఓ' పేరుతో వేల వాట్ల అంకెలు కనిపించడం భారతీయ కొనుగోలుదారులకు కొత్త కాదు. ఆ కొలతకు స్థిరమైన ప్రమాణం లేదు. చూడవలసింది 'ఆర్ఎంఎస్' అని రాసిన అంకె. నిలకడగా ఎంత శక్తిని ఇవ్వగలదో అదే చెబుతుంది.

నిజానికి ఇంటి గదికి ఎక్కువ వాట్లు అవసరం లేదు. ఒక వాటు శక్తితో ఒక మీటరు దూరంలో 87 డెసిబెళ్లు ఇచ్చే స్పీకరునే తీసుకుంటే, 10 వాట్లకు అది 97 డెసిబెళ్లకు చేరుతుంది. రెండు మీటర్ల దూరంలో కూర్చున్నవారికి కూడా అది చాలా పెద్ద శబ్దమే. శక్తిని రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే. అంటే 20 వాట్ల స్పీకరుకు, 40 వాట్ల స్పీకరుకు మధ్య వినిపించే తేడా స్వల్పం. పది అడుగుల గదికి చానల్‌కు 20 నిజమైన వాట్లు ధారాళంగా సరిపోతాయి.

ల్యాప్‌టాప్‌లో చేయవలసిన మార్పులు

ముందుగా బ్యాటరీని పరిశీలించాలి. ల్యాప్‌టాప్ అడుగుభాగం ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా బ్యాటరీ పాడైందని అర్థం. అలాంటి యంత్రాన్ని వాడకుండా మరమ్మతు నిపుణుడితో బ్యాటరీ తీయించాలి. యంత్రం నిరంతరం చార్జర్‌పైనే ఉంటుంది కాబట్టి, చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంటే దాన్ని ఎంచుకోవాలి.

భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను ఎక్కించుకోవచ్చు. ఆ తర్వాత సెట్టింగులలో ధ్వనిని 'మెరుగుపరిచే' ఎఫెక్టులన్నిటినీ ఆపివేయాలి. ఈమెయిల్, సందేశాల శబ్దాలను ఆపకపోతే ఆలాపన మధ్యలో అవి పెద్ద స్పీకర్ల నుంచి మోగుతాయి. మూత వేసినా యంత్రం నిద్రలోకి జారుకోకుండా సెట్టింగు మార్చుకోవాలి. యూఎస్‌బీ డ్యాక్ ఉంటే ల్యాప్‌టాప్ వాల్యూమ్‌ను గరిష్ఠ స్థాయికి దగ్గరగా ఉంచి, శబ్దాన్ని స్పీకర్ల మీట వద్దే తగ్గించుకోవడం మంచి పద్ధతి. తొలిసారి కలిపేటప్పుడు మాత్రం ఆ మీట పూర్తిగా తగ్గి ఉండాలి.

'గుయ్' మనే శబ్దం ఎందుకు వస్తుంది?

అన్నీ కలిపాక చాలామందిని నిరాశపరిచేది ఆగకుండా వినిపించే ఒక మంద్రమైన 'గుయ్' శబ్దం. భారతదేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్‌లో ఉంటుంది. ఈ శబ్దం దాని ప్రతిధ్వనే. కారణం కనిపెట్టడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. పాట ఆపి, చార్జర్ తీసేసి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీపై నడపాలి. శబ్దం ఆగిపోతే స్పీకర్లలో లోపం లేదని తేలినట్లే. ల్యాప్‌టాప్, యాంప్లిఫయర్ వేర్వేరు ప్లగ్గుల ద్వారా ఎర్త్‌కు కలిసినప్పుడు వాటి మధ్య ఏర్పడే వలయమే ఇందుకు తరచుగా కారణం.

రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపితే చాలాసార్లు సమస్య తీరుతుంది. తీరకపోతే ఆడియో తీగ మధ్యలో పెట్టే 'గ్రౌండ్ లూప్ ఐసొలేటర్' అనే చిన్న పరికరం తక్కువ ధరకే దొరుకుతుంది. శబ్దం పోతుందని ప్లగ్గులోని మూడో పిన్నును విరిచేయడం, ఎర్త్ తీగను తెంచడం ఎన్నడూ చేయకూడదు. ప్రాణాలను కాపాడే ఏర్పాటు అదే. కరెంటు పోయి, నాసిరకం ఇన్వర్టర్‌పై నడుస్తున్నప్పుడు మాత్రమే శబ్దం వస్తుంటే లోపం ఇన్వర్టర్ తరంగంలో ఉన్నట్లు భావించాలి.

ఖర్చు లేని మెరుగుదల

స్పీకర్ల తర్వాత ధ్వనిని శాసించేది గది. సిమెంటు గోడలు, పలకల నేల, అద్దాల కిటికీలు ఉన్న మన ఇళ్లలో ధ్వని ఎటు తగిలినా తిరిగివస్తుంది. గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొడితే 'ట్ర్‌ర్' మని తోక సాగిన శబ్దం వినిపిస్తే, పాటలోని మాటలు కూడా అలాగే చెదురుతాయి. నేలపై మందపాటి జంపఖానా, కిటికీలకు బరువైన తెరలు, వెనుక గోడకు పుస్తకాల అర ఉంటే మార్పు స్పష్టంగా తెలుస్తుంది.

స్పీకర్లు, వినేవారు కలిసి ఒక సమబాహు త్రిభుజం కావాలి. స్పీకర్ల మధ్య ఆరడుగుల దూరం ఉంటే వినేవారు కూడా వాటికి ఆరడుగుల దూరంలో కూర్చోవాలి. తారస్థాయి ధ్వనులు పలికే చిన్న భాగం, అంటే ట్వీటర్, కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండాలి. స్పీకర్లను షోకేసు అరల్లో ఇరికించినా, గది మూలకు నెట్టినా మంద్ర ధ్వనులు ఉబ్బి మృదంగం, తబలా మొద్దుగా వినిపిస్తాయి. గోడకు కనీసం అడుగు దూరం పాటించాలి.

అమరిక సరిపోయిందా లేదా అన్నది తేల్చడానికి ఘంటసాల కాలంనాటి పాట ఒకటి చాలు. ఆనాటి సినిమా పాటలు ఎక్కువగా మోనోలో రికార్డయ్యాయి. అంటే రెండు స్పీకర్లకూ ఒకే సంకేతం వెళ్తుంది. అమరిక సరిగ్గా ఉంటే గాయకుడి గొంతు రెండు స్పీకర్ల నుంచి కాక, వాటి నడుమ ఖాళీ చోటు నుంచి పాడుతున్నట్లు వినిపించాలి. గొంతు ఎక్కడున్నదో తెలియకుండా చెదిరిపోయి, మంద్రం పలచబడితే పాసివ్ స్పీకర్లలో ఒకదానికి ఎరుపు, నలుపు తీగలు తారుమారై ఉండవచ్చు. వాటిని సరిచేస్తే గొంతు మళ్లీ నడిమికి వస్తుంది.

పాట మూలం బాగుండాలి

ఎంపీ3 గరిష్ఠ స్థాయి సెకనుకు 320 కిలోబిట్లు. సీడీ సమాచారంలో ఇది నాలుగో వంతు కూడా కాదు. అయినా చెవికి పట్టని అంశాలనే ఎక్కువగా వదిలేస్తుంది కాబట్టి, ఏది ఏమిటో చెప్పకుండా వినిపిస్తే చాలామంది తేడా గుర్తించలేరు. 2001లో విడుదలైన ఫ్లాక్ పద్ధతి సమాచారం ఏమీ పోకుండానే ఫైలు పరిమాణాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. ఇంట్లో ఉన్న సీడీలను భద్రపరచడానికి ఇది తగినది.

పాత పాటల విషయంలో ఫార్మాట్ కంటే మూలమే ముఖ్యం. అరిగిపోయిన కాసెట్ నుంచి ఎక్కించిన పాటను ఫ్లాక్‌గా మార్చినంత మాత్రాన పోయిన స్పష్టత తిరిగి రాదు. ఒకే పాటకు రెండు మూడు ప్రతులు దొరికినప్పుడు విని ఎంచుకోవడమే దారి.

శబ్దానికి హద్దు

మంచి వ్యవస్థలో ధ్వని చెవికి గుచ్చుకోదు కనుక వాల్యూమ్ తెలియకుండానే పెరుగుతుంది. పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెళ్లు సురక్షిత పరిమితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు-2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు. స్పీకర్లను చెవులకు సరైన దూరంలో, సరైన ఎత్తులో అమర్చుకుంటే తక్కువ శబ్దానికే ప్రతి మాటా తెలుస్తుంది. పొరుగువారి నిద్ర చెడకుండా, ఇంట్లోని పెద్దలు తమ కాలంనాటి పాటను పదం పదం వినగలిగితే ఆ పాత ల్యాప్‌టాప్ మళ్లీ పనిలో పడినట్లే.