మంచు కరిగేకొద్దీ పోటీ వేడెక్కుతోంది!

సివిల్స్, గ్రూప్-1కి చదివే ఫ్రెండ్స్‌ని ఓ ప్రశ్న అడుగుతుంటా: ఆర్కిటిక్‌లో మంచు కరిగితే ఎవరికి లాభం? చాలామంది ధ్రువపు ఎలుగుబంట్లతో మొదలుపెట్టి, సముద్రమట్టం దగ్గర ఆగిపోతారు. అసలు కథ ఆ తర్వాతే ఉంది.

1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. దాంతో రష్యా ఉత్తర తీరం వెంట వేసవిలో ఓడల రాకపోకలు పెరిగాయి. జపాన్‌లోని యోకోహామా నుంచి నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్‌కి ఈ దారిలో వెళ్తే సూయెజ్ కంటే దూరం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. ఈ దారిపై పెత్తనం తనదేనంటుంది రష్యా. అమెరికా ఒప్పుకోదు. ఇక చైనాకైతే అక్కడ అంగుళం తీరం కూడా లేదు. అయినా 2018లో తనను తాను 'ఆర్కిటిక్ సమీప దేశం' అని ప్రకటించుకుంది. మ్యాప్ తెరిచి చూడండి, నవ్వొస్తుంది.

మాట్లాడుకోవడానికి 1996లో పెట్టుకున్న ఆర్కిటిక్ కౌన్సిల్‌లో 8 దేశాలున్నాయి. ఉక్రెయిన్ యుద్ధంతో దాని పని చాలావరకు కుంటుపడింది. ఫిన్లాండ్, స్వీడన్ కూడా చేరాక, ఇప్పుడు రష్యా తప్ప మిగతా ఏడూ నాటో దేశాలే.

టెక్ మనిషిని కాబట్టి నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలు ప్రతి చుట్టులోనూ అక్కడి గ్రౌండ్ స్టేషన్‌కి అందుతాయి. ఆ డేటా బయటికి వచ్చేది సముద్రం అడుగునున్న రెండే రెండు ఫైబర్ కేబుళ్ల ద్వారా. 2022 జనవరిలో వాటిలో ఒకటి దెబ్బతింది. కారకులెవరో తేలలేదు. రెండోది కూడా పోయుంటే?

అదే స్వాల్‌బార్డ్‌లో 2008 నుంచి మన 'హిమాద్రి' కేంద్రం ఉంది. 2013 నుంచి కౌన్సిల్‌లో మనం పరిశీలక దేశం. 2022లో మన ఆర్కిటిక్ విధానం కూడా వచ్చింది. రుతుపవనాలకు ఆర్కిటిక్‌తో ఉన్న సంబంధం మీద పరిశోధన అందులో ముఖ్యమైన అంశం. మనకు దగ్గరి లింకు దక్షిణ ధ్రువం వైపు ఉంది: అంటార్కిటికాలోని 'భారతి' కేంద్రంలో అందుకున్న ఉపగ్రహ డేటా హైదరాబాద్ పక్కనున్న షాద్‌నగర్‌కి వస్తుంది.

మరి ఉద్యోగాలు? శాస్త్రవేత్తలకే అనుకోకండి. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం అంటార్కిటికా యాత్రలకు వాహనాల మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, డాక్టర్లు, వంటవాళ్లను కూడా కాంట్రాక్టుపై తీసుకుంటుంది. ఐటీఐ, డిప్లొమా వాళ్లూ ఆ నోటిఫికేషన్లపై ఓ కన్నేసి ఉంచండి. ఎంపికైతే చలికాలం మొత్తం అక్కడే గడపాల్సి రావచ్చు, ఇంట్లో ముందే చెప్పి ఒప్పించుకోండి.