ద్రవ్యోల్బణం తగ్గితే ధరలు తగ్గినట్టేనా?

ద్రవ్యోల్బణం తగ్గిందని వార్తల్లో వింటాం. మరునాడు బజారుకు వెళితే పప్పు ధర తగ్గి ఉండదు. తగ్గింది ధర కాదు, ధర పెరిగే వేగం. 100 రూపాయల సరుకు మొదటి ఏడాది 107కు, రెండో ఏడాది 111కు చేరితే, ద్రవ్యోల్బణం 7 నుంచి సుమారు 4 శాతానికి తగ్గినట్టు లెక్క. కొనేవారికి మాత్రం 11 రూపాయలు అదనం.

పైగా ప్రభుత్వం చెప్పేది సగటు. 2023 జూలైలో దేశంలో ద్రవ్యోల్బణం 7.44 శాతం. కూరగాయల ధరలు మాత్రం ఏడాదిలో 37 శాతం పెరిగాయి. 2024 జూలైలో వచ్చిన ఆర్థిక సర్వే, ఆహార ధరలను పక్కనపెట్టి ద్రవ్యోల్బణ లక్ష్యం పెట్టుకోవడం గురించి ఆలోచించాలని, పేదలకు నగదు లేదా కూపన్లతో సాయం చేయవచ్చని సూచించింది. కూలి డబ్బులో ఎక్కువ భాగం తిండికే పోయే ఇంట్లో ఆహారాన్ని ఎలా పక్కన పెడతారు?

అలాంటి ఇంట్లో ముందు తగ్గేవి గుడ్డు, పాలు, పప్పు. అవీ తల్లి కంచంలోంచే. రక్తహీనతకు అదే దారి.

అందుకే గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీ ఆహారాన్ని వదులుకోవద్దు. క్షయ రోగులకు నిక్షయ్ పోషణ్ యోజన కింద 2024 నవంబరు నుంచి సాయం నెలకు 1000 రూపాయలకు పెరిగింది. మీ ఖాతాలో పడుతోందో లేదో చూసుకోండి. పెరట్లో మునగ, తోటకూర పెంచండి. డబ్బు చాలదని మందులు మాత్రం మానకండి. ముందు మాతో చెప్పండి.