లాటిన్ జాజ్ మేళము: అందలి వాద్యకారులు

సంగీతమునకు ఎల్లలు లేవని తఱచుగా వినుచుందుము. ఆ మాట కొంతవఱకే నిజము. ప్రతి సంగీతమునకును ఒక ఊరు, ఒక వీథి, దానిని పెంచిన కొందఱు మనుష్యులు ఉందురు. వారిని ఎఱిగినచో ఆ సంగీతమును వినుట సులభమగును. లాటిన్ జాజ్ అను సంగీతమునకు అట్టి ఊళ్ళు ముఖ్యముగా రెండు: క్యూబా ద్వీపమందలి హవానా, అమెరికా సంయుక్తరాష్ట్రములలోని న్యూయార్క్. రేడియోలో దీనిని తొలిసారి వినువారికి డోళ్ళ సందడియు, బాకాల హోరును తప్ప వేఱొకటి తోచకపోవచ్చును. కాని ఆ సందడిలో ఎవరి పని ఏదియో తెలిసినపుడు, అది ఎంతో కట్టుబాటుగల సంభాషణ యని బోధపడును. ఆ మేళమునందలి వాద్యకారు లెవరో, వారు ఒకచోట ఎట్లు కూడిరో తెలిసికొనుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట ఒక ప్రశ్న. ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడిన జనుల సంతతివారే జాజ్ సంగీతమునకును, క్యూబా నాట్యసంగీతమునకును ప్రధానకర్తలు. అట్లయినచో తొలినాళ్ళ జాజ్ మేళమున చేతితో వాయించు ఆఫ్రికా డోలు ఏల లేదు? క్యూబాలో అది ఏల నిలిచినది? 1739వ సంవత్సరమున దక్షిణ కెరొలైనాలో స్టోనో నదీప్రాంతమున బానిసలు తిరుగుబాటు చేసి, డోళ్ళు మ్రోగించుచు నడచిరి. మఱుసటి యేడు, 1740లో, అచటి ప్రభుత్వము చేసిన చట్టము బానిసలకు డోళ్ళను నిషేధించెను. డోలు దూరమునకు కబురు మోయునని యజమానుల భయము. న్యూ ఆర్లియన్స్ నగరమందలి కాంగో స్క్వేర్ వంటి కొలది చోట్ల తప్ప, ఆ దేశమున ఆఫ్రికా డోలు బహిరంగముగా మ్రోగుట అరుదయ్యెను.

క్యూబాలో స్పానిష్ పాలకులు ఆఫ్రికనులను తమ తమ జాతులవారీగా సంఘములు ఏర్పఱచుకొననిచ్చిరి. వానికి 'కబిల్దో'లని పేరు. ఆ సంఘములలో దేవతారాధనతోపాటు డోళ్ళును, వాని నడకలును తండ్రినుండి కొడుకునకు దిగివచ్చినవి. అచట బానిసత్వము 1886లో గాని అంతరింపలేదు. ఆ పిదపను పెద్దమనుష్యుల నాట్యశాలలలో చేతిడోలునకు చాలకాలము ప్రవేశము దొరకలేదు. కాబట్టి ఒక దేశమున డోలు పోయి బాకా మిగిలినది. వేఱొక దేశమున డోలు వీథిలో నిలిచినది. ఈ రెండును ఇరువదవ శతాబ్దమున న్యూయార్క్‌లో మరల కలిసికొన్నవి. ఆ కలయికయే లాటిన్ జాజ్.

ఇక మేళమునకు వత్తము. దానికి ఆయువుపట్టు ఒక చిన్న లెక్క. దాని పేరు 'క్లావే'. స్పానిష్ భాషలో ఆ మాటకు కీలకము అని అర్థము. గట్టి కొయ్యతో చేసిన జానెడు కఱ్ఱలు రెండింటిని తాకించి దానిని వాయింతురు; ఆ కఱ్ఱలకును అదే పేరు. పదునాఱు అక్షరములను సమముగా మనస్సులో లెక్కింపుడు. వానిలో 1, 4, 7, 11, 13 అక్షరములపై మాత్రము చేయి తట్టుడు. ముగియగానే మరల ఒకటినుండి మొదలు పెట్టుడు. అంతియే క్లావే. మొదటి ఎనిమిదింట మూడు దెబ్బలు, తరువాతి ఎనిమిదింట రెండు దెబ్బలు. మొదటి సగము నడకను ముందుకు త్రోయును. రెండవ సగము దానిని నిలకడకు తెచ్చును. కొన్ని పాటలు రెండు దెబ్బల సగముతోనే ఎత్తుకొనును. ఎట్లు ఎత్తుకొన్నను, పాట నడుచునంతసేపు ఈ వరుస తప్పరాదు.

మన తాళముతో దీనికి పోలికయు కలదు, భేదమును కలదు. మన గాయకుడు తాళమును చేతితో చూపును. సభవారును దానితో కూడ తట్టుదురు. క్లావేను పెక్కుసారులు ఎవరును వాయింపనే వాయింపరు. అది అందఱి మనస్సులందును ఉండును. పాటలోని మాటల విఱుపు మొదలుకొని బాకాల పలుకువఱకు సమస్తమును దానికి ఒదిగి యుండవలెను. స్వరము తప్పినవానిని ఆ వాద్యకారులు క్షమింతురు గాని, క్లావేకు అడ్డుపడినవానిని క్షమింపరు.

ఈ లెక్కను మోయు డోళ్ళు మూడు. మొదటిది కాంగా. క్యూబాలో దీనిని 'తుంబదోరా' యందురు. ఇది పీపావలె పొడవైన డోలు, ఒకవైపుననే తోలుండును. వట్టిచేతులతో వాయింతురు. తెఱపిగా కొట్టిన నిండు మ్రోత, అఱచేతితో కొట్టిన చఱపు, తోలుమీద చేయి నిలిపి మూసిన దెబ్బ, ఇవి దాని ముఖ్యమైన పలుకులు. ఎనిమిది అక్షరముల లెక్కలో మూడవదానిపై చఱపును, ఏడు ఎనిమిదింటిపై రెండు నిండు మ్రోతలును దాని సామాన్యపు నడక. పూర్వము తోలును మేకులతో బిగించెడివారు. శ్రుతి దిగినప్పుడు మంటకు కాచెడివారు. మన పల్లెలలో డప్పును నెగడి దగ్గఱ కాచుట చూచినవారికి ఇది క్రొత్త కాదు. బిగించుటకు లోహపు మరలు పిదప వచ్చినవి.

రెండవది బోంగో. మోకాళ్ళ నడుమ ఇముడు జంటడోళ్ళు ఇవి. తోలు మిక్కిలి బిగువు, నాదము హెచ్చు. క్యూబా తూర్పుసీమనుండి 'సోన్' అను పాటలతోపాటు ఇవి హవానా చేరినవి. పాట సాగునంతసేపు బోంగో వాద్యకారుడు ఎడతెగని టకటకలతో నడిపించును. పాట ముగిసి, పల్లవియు మనోధర్మమును సాగు ఘట్టము రాగానే, డోళ్ళను ప్రక్కన బెట్టి, పశువుల మెడగంటవంటి నాలుక లేని పెద్ద గంటను చేతబట్టి కఱ్ఱతో కొట్టును. ఆ గంట వినబడినచో మేళము వేడెక్కినదని తెలిసికొనవచ్చును.

మూడవది తింబాలే. లోహపు గోడలుగల, లోతులేని జంటడోళ్ళివి. వాద్యకారుడు నిలుచుండి కఱ్ఱలతో వాయించును. ఇవి ఐరోపా వాద్యమేళములందలి నగారాల సంతతివి. 'దాన్సోన్' అను క్యూబా నాట్యమేళములలో చిన్నవై చేరినవి. తోలుమీదనే గాక ప్రక్కనున్న లోహపు గోడమీదను కఱ్ఱతో కొట్టుట వీని ప్రత్యేకత. ఈ మూడింటికి తోడుగా, నొక్కులు కోసిన ఎండు సొరబుఱ్ఱను పుల్లతో గీయు 'గూయిరో' ఉండుటయు కలదు.

ఇక బాసు తీగవాద్యము. మేళమున అన్నింటికంటె క్రిందిస్థాయిలో పలుకు ఈ వాద్యము సామాన్యముగా లెక్కలోని మొదటి అక్షరమును గట్టిగా పట్టును. ఇచట మాత్రము బాసు వాద్యకారుడు ఆ మొదటి అక్షరమునే విడిచిపెట్టును. ఎనిమిది లెక్కలో నాలుగవ, ఏడవ అక్షరములపై పలుకును. ఏడవ అక్షరమున పలికిన స్వరము రాబోవు ఆవర్తమునకు చెందినది. అనగా అతడు తరువాతి మెట్టుపై ముందుగానే కాలు మోపును. వినువారి శరీరము తనకు తెలియకయే ముందుకు వంగుటకు ఇది ఒక కారణము.

పియానో పని వేఱు. చిన్న స్వరముల అల్లిక నొకదానిని అది తీసికొని, మరల మరల వాయించును. దీనిని 'మోంతూనో' అందురు. త్రేస్ అను క్యూబా తీగవాద్యముపై పుట్టిన అల్లికలే పియానోకు వచ్చినవి. ఈ మార్పునకు తోడ్పడినవారిలో ముఖ్యుడు అర్సేనియో రోడ్రిగెజ్ (1911–1970). చూపు లేని ఈ త్రేస్ విద్వాంసుడు 1940 ప్రాంతమున తన చిన్న మేళమున కాంగాను, పియానోను, అదనపు ట్రంపెట్లను చేర్చెను. వీథిలో నున్న డోలునకు వేదికపై పీట వేసినవారిలో అతడు ఒకడు.

ట్రంపెట్లు, ట్రాంబోనులు, శాక్సోఫోనులు జాజ్ తెచ్చిన సొమ్ము. ఈ వాద్యకారులు స్వరలిపిని చూచి వాయింతురు. తమ వంతు వచ్చినపుడు మనోధర్మము నడపుదురు. డోళ్ళవారిలో పెక్కురకు చదువు జ్ఞాపకముననే యున్నది. ఒకరి విద్య కాగితమున, ఒకరి విద్య చేతులలో. ఈ రెండు విద్యలను సమానముగా ఒక మేళమున నిలుపుట యెట్లు? లాటిన్ జాజ్ చరిత్ర అంతయు ఈ ప్రశ్నకు సమాధానమే.

ఆ సమాధానము చెప్పినవాడు మారియో బౌసా. 1911లో హవానాలో జన్మించి, చిన్ననాటనే ఆ నగరపు ఫిల్హార్మోనిక్ మేళమున క్లారినెట్ వాయించెను. 1930లో న్యూయార్క్ చేరి, ట్రంపెట్ వాద్యకారుడై, చిక్ వెబ్ జాజ్ మేళమునకు సంగీతనిర్దేశకుడయ్యెను. పిదప క్యాబ్ కాలొవే మేళమున చేరెను. డిజ్జీ గిలెస్పీ యను యువకునికి 1939లో అచట స్థానము లభించుటకు తోడ్పడెను. 1940లో తన బావమఱది, మచీటో అను పేరుతో ప్రసిద్ధుడైన గాయకుడు ఫ్రాంక్ గ్రిల్యోతో కలిసి క్రొత్త మేళమును నిర్మించెను. దానికి 'ఆఫ్రో-క్యూబనులు' అని పేరు పెట్టిరి. నల్లజాతివారు తమ ఆఫ్రికా మూలమును దాచుకొనవలసిన దినములవి. దానిని వారు మేళము నొసటనే వ్రాసికొనిరి.

1943లో ఈ మేళము 'తంగా' అను రచనను వినిపించెను. జాజ్ పొందికను క్లావేతో నిజముగా ముడివేసిన తొలి రచనగా దానిని పెక్కుమంది చెప్పుదురు. ఆ యేటనే మచీటోను సైన్యమునకు పిలిచిరి. అంతట హవానాలో అనకవోనా అను స్త్రీల మేళమున పాడుచుండిన గ్రసియేలాను రప్పించిరి. ఆమె ఆ మేళమున దశాబ్దములపాటు ప్రధానగాయనిగా నిలిచెను. బోంగోపై హోసే మంగ్వాల్, తింబాలేపై ఉబాల్దో నియెటో, పియానోపై రెనె హెర్నాందెజ్ ఆ మేళమునకు మూలస్తంభములైరి. చార్లీ పార్కర్ వంటి జాజ్ శాక్సోఫోను విద్వాంసుడు వచ్చి వారితో వాయించెను.

గిలెస్పీ 1947లో తన సొంత జాజ్ మేళమునకు ఒక క్యూబా డోలువాడు కావలెనని బౌసాను అడిగెను. బౌసా చానో పోసో పేరు చెప్పెను. పోసో హవానా పేటలలో పెరిగినవాడు, స్వరలిపి తెలియదు, ఇంగ్లీషు అంతంతమాత్రము. ఆ సంవత్సరము సెప్టెంబరు 29న కార్నెగీ హాలులో అతడు గిలెస్పీ మేళముతో వాయించెను. తరువాత ఆ మేళము ప్రయాణములు చేయునపుడు బస్సులో తోటివారికి డోళ్ళిచ్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క నడకను నేర్పెను. 'మాన్తేకా' అను ప్రసిద్ధరచనకు మూలమైన బాసు అల్లికను, దానిపై బాకాల పలుకులను అతడు నోటితో పాడి వినిపించెను. నడుమనున్న భాగమును గిలెస్పీ కట్టెను. గిల్ ఫుల్లర్ దానిని మేళమునకు పొందుపఱచెను. 1947 డిసెంబరు 30న దానిని ధ్వనిముద్రణ చేసిరి. కాగితము తెలిసినవారును, చేయి తెలిసినవాడును ఇచట సమముగా కర్తలు. ఏడాది తిరుగకముందే, 1948 డిసెంబరు 2న, పోసోను హార్లెమ్‌లో ఒకడు తుపాకితో కాల్చి చంపెను. అప్పటికి అతని వయస్సు ముప్పది మూడేండ్లు.

1950లలో న్యూయార్క్ పలేడియం నాట్యశాలలో నల్లవారు, తెల్లవారు, ప్యూర్టోరికో వారు, యూదులు ఒకే నేలపై ఈ మేళములకు నర్తించిరి. మచీటో మేళమున కొంతకాలము వాయించిన టీటో ప్వెంతె (1923–2000) తింబాలేను వెనుకవరుసనుండి వేదిక ముందునకు తెచ్చెను. మచీటో 1984లో లండన్‌కు కచేరీలకై వెళ్ళి అచటనే మరణించెను. మూడు దశాబ్దములకు పైగా మేళమును వెనుకనుండి నడపిన బౌసాకు తన పేరిట కీర్తి 1990ల ఆరంభమున గాని రాలేదు. 1993లో ఆయన కన్నుమూసెను. అమెరికా గ్రామీ బహుమానములలో లాటిన్ జాజ్‌కు 1995లో తొలిసారి ప్రత్యేకస్థానము దొరకెను. 2011లో దానిని తొలగించిరి. వాద్యకారులు ఊరకుండక వాదించిరి; 2012లో మరల నెలకొల్పిరి. డోలువాని పీటను నిలుపుకొనుటకు నేటికిని మాటలాడవలసియే యున్నది.

ఈ సంగీతము ఇకమీద మీ రేడియోలో వినబడినచో బాకాల వెంట తొందరపడకుడు. మొదట క్లావేను వెదకుడు. కఱ్ఱలు వినబడకున్నను 1, 4, 7, 11, 13 లెక్కను చేతితో తట్టి చూడుడు. అది ఒకచోట అతుకును. పిదప కాంగా యొక్క రెండు నిండు మ్రోతలను పట్టుడు. చిన్న రేడియోలో బాసు సన్నముగా వినబడును గాన చెవి కొంచెము దగ్గఱగా ఉంచుడు. గంట మ్రోగినపుడు మేళము రెండవ అంకమునకు వచ్చినదని గ్రహింపుడు. ఒక్కొక్క వాద్యకారుడు వాయించునది వేఱుగా విన్నచో అసంపూర్ణముగా తోచును. ఒకడు విడిచిన చోటును వేఱొకడు నింపును. అందఱును వినుచున్నారు గనుకనే, ఎవరును వాయింపని ఆ అయిదు దెబ్బలు మనకును వినబడును.