స్వీడన్ గృహనిర్మాణ మంత్రి చేతిలో ఏముంది?

స్వీడన్‌లో గృహనిర్మాణ మంత్రి అంటే ఇళ్లు పంచే మనిషి అనుకుంటాం. కాదు. ఏ భూమిలో ఏం కట్టాలో తేల్చేది మున్సిపాలిటీ. అద్దెలు చాలావరకు కిరాయిదార్ల సంఘమూ యజమానులూ బేరమాడి కుదుర్చుకుంటారు. మంత్రి పని చట్టాల ముసాయిదాలు, సబ్సిడీలు, విధానం. అదీ తక్కువేం కాదు. 1965-74 మధ్య దాదాపు పది లక్షల ఇళ్లు లేచింది ప్రభుత్వ రుణాల అండతోనే. కొత్త ఇళ్ల అద్దెలను మార్కెట్‌కి వదిలే ప్రతిపాదన మీద 2021 జూన్‌లో లోఫ్వెన్ ప్రభుత్వమే అవిశ్వాసంలో ఓడింది (తర్వాత మళ్లీ వచ్చాడనుకోండి). ప్రత్యేక గృహనిర్మాణ శాఖని మాత్రం 1991లోనే ఎత్తేశారు.

మా ప్రశ్న వేరే. రాజ్యాంగంలో నివాస హక్కు ఉంది. దాన్ని చూపించి కోర్టులో ఇల్లు అడగలేరు. రోమా జనాన్ని ఊళ్లో నిలవనీయకుండా తరిమింది కూడా ఈ మున్సిపాలిటీలే. ఆ సంగతి 2014లో ప్రభుత్వమే శ్వేతపత్రంలో ఒప్పుకుంది. స్థానిక స్వపరిపాలన ఎవరి చేతిలో ఎలా తిరుగుతుందో వాడలో పుట్టినవాళ్లకి కొత్తగా చెప్పాలా? ఒకచోట ఉండనిస్తేగా పిల్లలు బడికెళ్లేది! రోమాల ఇళ్ల కోసం, చదువు కోసం 1960లలో కొట్లాడిన రచయిత్రి కటారినా తైకోన్ కూడా చదవడం, రాయడం పెద్దయ్యాకే నేర్చుకుంది.