నేత ప్రణాళిక పుస్తకం

నేత ప్రణాళిక పుస్తకం అనగా ఒక బట్టను నేయుటకు ముందు వేసుకొన్న లెక్కలను, నేయుచున్నప్పుడు చేసిన మార్పులను, నేత ముగిసిన తరువాత తేలిన ఫలితాలను ఒకేచోట వ్రాసి ఉంచుకొనే పుస్తకం. ఇందులో నూలు నంబరు, పడుగు పొడవు, పోగుల సంఖ్య, రంగుల వరుస, పేకల సంఖ్య, ఖర్చయిన నూలు, పట్టిన కాలం, చెల్లించిన కూలి మొదలైన వివరాలు ఉంటాయి. ఊలు అల్లికలు చేసేవారు ఉంచుకొనే అల్లిక పుస్తకానికి, నేతగాని పుస్తకానికి ఉద్దేశం ఒకటే. పని మొదలుపెట్టక ముందే సరుకు సరిపోతుందో లేదో తెలుసుకోవడం, అదే పనిని మరల చేయవలసి వచ్చినప్పుడు మొదటి నుండి తడుముకోకుండా ఉండడం దీని ప్రయోజనాలు. నేత ప్రధాన వృత్తిగా గల నగరి వంటి పట్టణాలలో ఈ లెక్క తప్పితే నష్టం నేరుగా నేతగాని కూలి మీద పడుతుంది.

నగరి ప్రాంతం - నేత

నగరి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, తమిళనాడు సరిహద్దుకు ఆనుకొని ఉన్న పట్టణం. పట్టణానికి రైలు స్టేషను ఏకాంబరకుప్పం పేరుతో రేణిగుంట - అరక్కోణం మార్గంలో ఉన్నది. సమీపంలోని నగరి కొండలలో ముక్కు ఆకారంలో పొడుచుకొని వచ్చిన శిఖరాన్ని "నగరి ముక్కు" అంటారు. పూర్వం సముద్రం మీద ప్రయాణించే నావికులు దీనిని గుర్తుగా వాడుకొనేవారు.

నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు, నారాయణవనం ప్రాంతాలలో నేత పని చాలా కాలంగా ఉన్నది. మొదట చేనేత మగ్గాలు ఎక్కువగా ఉండగా, తరువాతి కాలంలో మరమగ్గాలు వాటి స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. 1960లో ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల మధ్య సరిహద్దుల సర్దుబాటు జరిగినప్పుడు తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలో చేరాయి. రాష్ట్రాలు వేరైనా నేత వ్యాపారానికి సంబంధించిన రాకపోకలు ఆగలేదు. సరిహద్దుకు అవతల ఉన్న పొదటూరుపేట కూడా నేతకు పేరున్న ఊరే. ఇరువైపులా తెలుగు, తమిళం రెండూ తెలిసినవారు ఉండుటచేత పడుగును "పావు" అనీ, పేకను "ఊడై" అనీ తమిళంలో పిలిచే పేర్లు కూడా ఇక్కడివారికి పరిచితమే. లెక్కలు మాత్రం ఏ భాషలో వ్రాసినా ఒకటే.

చరిత్ర

నేతగాళ్ళు చాలాకాలం పాటు లెక్కలను, నమూనాలను జ్ఞాపకంలోనే ఉంచుకొనేవారు. తండ్రి వద్ద కుమారుడు మగ్గం మీద కూర్చొని నేర్చుకొనేవాడు. పాత బట్ట ముక్కే పుస్తకంగా ఉపయోగపడేది. దానిలోని పోగులను లెక్కించి కొత్త పడుగును తయారుచేసుకొనేవారు.

ఐరోపాలో నేత నమూనాలతో అచ్చయిన తొలి పుస్తకాన్ని మార్క్స్ జీగ్లర్ అనే నేతగాడు 1677లో జర్మనీలోని ఉల్మ్ నగరంలో ప్రచురించాడు. భారతదేశపు బట్టల వివరాలను పెద్ద ఎత్తున నమోదు చేసిన తొలి ప్రయత్నాలలో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ 1866లో వెలువరించిన సంకలనం ముఖ్యమైనది. ఇందులో 18 సంపుటాలలో 700 బట్ట ముక్కలు అతికించబడ్డాయి. అనేక ముక్కల పక్కన బట్ట పొడవు, వెడల్పు, బరువు, వెల, సేకరించిన ఊరు వ్రాయబడ్డాయి. బ్రిటిషు మిల్లు యజమానులు భారతీయుల అభిరుచులను తెలుసుకొని, అటువంటి బట్టనే మిల్లులలో తయారుచేసి ఇక్కడ అమ్ముకొనుటకు ఈ సంకలనం ఉద్దేశించబడింది. నేతగాడు వ్రాసుకోని లెక్కను ఇతరులు వ్రాసుకొని లాభపడిన సందర్భంగా దీనిని చెప్పవచ్చు.

పుస్తకంలో ఉండవలసిన అంశాలు

ఒక్కొక్క పడుగుకు ఒక పుట చొప్పున కేటాయించడం సౌకర్యంగా ఉంటుంది. ఆ పుటలో సాధారణంగా ఈ క్రింది వివరాలు ఉంటాయి.

* బట్ట రకం, పొడవు, వెడల్పు, మొత్తం సంఖ్య, ఇవ్వవలసిన తేదీ
* పడుగు నూలు నంబరు, పేక నూలు నంబరు, నూలు కొన్న చోటు, తేదీ, ధర
* పన్నె నంబరు, అంగుళానికి పోగులు, మొత్తం పోగులు
* అంగుళానికి పేకలు
* అంచులోను, నడుమ భాగంలోను రంగుల వరుస
* అద్దకం వివరాలు
* నమూనా ముక్క, ఉతికిన తరువాత దాని కొలతలు
* వచ్చిన నూలు బరువు, ఇచ్చిన బట్ట బరువు, వ్యర్థం
* కూలి, బయానా, బాకీ

వీటిలో నమూనా ముక్క అతి ముఖ్యమైనది. మగ్గం మీద బిగించి ఉన్నప్పుడు బట్ట వెడల్పు ఒక విధంగాను, కోసి ఉతికిన తరువాత మరొక విధంగాను ఉంటుంది. కొద్దిగా నేసి, కోసి, ఉతికి, ఆరవేసి కొలిస్తేనే అసలు కొలత తెలుస్తుంది.

నూలు నంబరు

నూలు సన్నదనాన్ని నంబరుతో చెబుతారు. ఆంగ్ల పద్ధతిలో 840 గజాల పొడవు గల నూలును ఒక చిలపగా లెక్కిస్తారు. ఒక పౌను బరువులో ఎన్ని చిలపలు తూగుతాయో అదే ఆ నూలు నంబరు. 20వ నంబరు నూలులో ఒక పౌనుకు 20 చిలపలు, అనగా 16,800 గజాలు ఉంటాయి. 40వ నంబరు నూలులో 33,600 గజాలు ఉంటాయి. కనుక నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. రెండు పోగులు కలిపి పురి పెట్టిన 40వ నంబరు నూలు మందం సుమారుగా 20వ నంబరు ఒంటి పోగుతో సమానం. పుస్తకంలో ఒంటి పోగో, జంట పోగో వ్రాయకుండా నంబరు మాత్రమే వ్రాస్తే మరుసటిసారి నూలు కొనేటప్పుడు పొరపాటు జరుగుతుంది.

ఉదాహరణ లెక్క

20వ నంబరు నూలుతో 60 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు గల 50 తువ్వాళ్ళు నేయవలసి ఉన్నదనుకొందాం.

పోగుల సంఖ్య: ఉతికిన తరువాత 30 అంగుళాలు రావడానికి పన్నెలో 32 అంగుళాల వెడల్పు తీసుకొంటారు. రెండు అంగుళాలకు 40 పళ్ళు గల పన్నెలో ప్రతి సందులో రెండు పోగులు దూర్చితే అంగుళానికి 40 పోగులు పడతాయి. మొత్తం పోగులు 32 × 40 = 1,280. రెండు అంచులలో 80 చొప్పున ఎర్ర పోగులు ఉంచితే నడుమ తెల్ల పోగులు 1,120 అవుతాయి.

పడుగు పొడవు: ఒక్కొక్క తువ్వాలుకు 60 అంగుళాలతోపాటు కుచ్చుల కొరకు 4 అంగుళాలు నేయకుండా వదులుతారు. 50 తువ్వాళ్ళకు ఇది 3,200 అంగుళాలు. పేకల మీదుగా పైకి క్రిందికి వంగుటచేత పడుగు కొంత కుదించుకొని పోతుంది. నేసే 3,000 అంగుళాలకు నూటికి 6 వంతున 180 అంగుళాలు కలపాలి. మగ్గానికి కట్టుటకు, చివర నేయ వీలులేక మిగిలేందుకు 72 అంగుళాలు వదలాలి. మొత్తం 3,452 అంగుళాలు, అనగా సుమారు 96 గజాలు.

పడుగు నూలు: 1,280 × 96 = 1,22,880 గజాలు. దీనిని 16,800తో భాగిస్తే 7.31 పౌనులు, అనగా సుమారు 3.32 కిలోలు. ఎర్ర నూలు 160 × 96 = 15,360 గజాలు కనుక 19 చిలపలు, తెల్ల నూలు 1,07,520 గజాలు కనుక సరిగ్గా 128 చిలపలు అవసరం.

పేక నూలు: అంగుళానికి 36 పేకల చొప్పున 3,000 అంగుళాలకు 1,08,000 పేకలు. ఒక్కొక్క పేక పొడవు 32 అంగుళాలు కనుక మొత్తం 96,000 గజాలు. బరువు 5.71 పౌనులు, అనగా సుమారు 2.59 కిలోలు.

మొత్తం నూలు 5.91 కిలోలు. వ్యర్థానికి నూటికి 3 వంతులు కలిపితే సుమారు 6.1 కిలోల నూలు సిద్ధం చేసుకోవాలి.

ఈ లెక్కలో 36 పేకలకు బదులు 40 పేకలు పడితే పేక నూలు 2.88 కిలోలు అవుతుంది. అనగా అదనంగా సుమారు 290 గ్రాముల నూలు, 12,000 పేకల శ్రమ ఖర్చవుతాయి. కూలిని బట్టకు ఇంత అని నిర్ణయించినప్పుడు ఈ అదనపు శ్రమకు ప్రతిఫలం ఉండదు. పేకలు తగ్గితే బట్ట పలుచబడి, కొనుగోలుదారు తిరస్కరించే అవకాశం ఉన్నది.

కాలం లెక్క

పై ఉదాహరణలో 1,08,000 పేకలు ఉన్నాయి. చేనేత మగ్గం మీద నిమిషానికి 40 పేకలు పడితే ఆగకుండా నేసినా 45 గంటలు పడుతుంది. నిమిషానికి 120 పేకలు వేసే సాధారణ మరమగ్గం మీద 15 గంటలు చాలు. అయితే పోగులు తెగడం, కండెలు మార్చడం, కరెంటు పోవడం వంటి కారణాల వలన మగ్గం ఎప్పుడూ పూర్తి వేగంతో నడవదు. నూటికి 75 వంతుల కాలం మాత్రమే నడిస్తే 15 గంటల పని 20 గంటలవుతుంది. మగ్గం ఆగిన గంటలను, ఆగిన కారణాన్ని పుస్తకంలో వ్రాస్తే తరువాతి సరుకును ఏ తేదీకి ఇవ్వగలరో వాస్తవానికి దగ్గరగా చెప్పగలుగుతారు. ఒకే పడుగులో పోగులు పదేపదే తెగినట్లు తేలితే నూలు నాణ్యతనో, గంజి పెట్టిన తీరునో పరిశీలించవచ్చు.

అద్దకం

ఒకే రంగు పేరుతో రెండు సార్లు అద్దిన నూలు ఛాయలో తేడా వస్తుంది. అందువలన ఒక పడుగుకు కావలసిన నూలునంతా ఒకేసారి అద్దించడం మంచిది. రంగు పొడి కొలతను నూలు బరువులో నూటికి ఇంత అని చెబుతారు. 2.6 కిలోల నూలుకు నూటికి 2 వంతుల ఛాయ కావాలంటే 52 గ్రాముల రంగు వాడాలి. నూలు బరువుకు 20 రెట్ల నీరు తీసుకొంటే 52 లీటర్ల నీరు కావాలి. ఉప్పు, సోడా పరిమాణాలను, నీటి వేడిని, నానబెట్టిన సమయాన్ని కూడా వ్రాసి, అద్దిన నూలు ముక్కను పక్కన అతికించాలి.

ఈ లెక్కకు ఊరి మేలుతోను సంబంధం ఉన్నది. నగరిని ఆనుకొని కుశస్థలి నది ప్రవహిస్తున్నది. ఈ నది నీరు తమిళనాడులోని పూండి జలాశయానికి చేరుతుంది. చెన్నై నగరపు తాగునీటి వనరులలో పూండి ఒకటి. అద్దకం నుండి వెలువడే రంగు నీరు నదిలో కలియడం ఈ ప్రాంతంలో చాలాకాలంగా ఉన్న సమస్య. కొలత లేకుండా వేసిన రంగులో నూలుకు పట్టని భాగం, ఉప్పు నీటితోపాటు బయటికి పోతాయి. కొలిచి వాడడం వలన సమస్య పూర్తిగా తీరదు, శుద్ధి చేయక తప్పదు. కాని వృథాగా పోయే రంగు, నీరు కొంత తగ్గుతాయి.

నూలు ఖాతా, కూలి ఖాతా

సొంత పెట్టుబడి లేని నేతగాడు మాస్టరు వీవరు వద్ద నూలు తీసుకొని, బట్ట నేసి ఇచ్చి, కూలి పుచ్చుకొంటాడు. ఈ పద్ధతిలో నూలు తూకం వేసి ఇస్తారు, బట్ట తూకం వేసి తీసుకొంటారు. రెండింటికి గల తేడాలో వ్యర్థానికి కొంత మినహాయించి, మిగిలిన దానిని నేతగాని ఖాతాలో బాకీగా వ్రాయడం కలదు. పుస్తకం ఒక్కరి వద్దనే ఉంటే వివాదం వచ్చినప్పుడు రెండవవారి మాటకు ఆధారం ఉండదు. నేతగాడు కూడా తన పుస్తకంలో తేదీ, నూలు బరువు, తడిగా ఉన్నదో పొడిగా ఉన్నదో, మిగిలిన ముక్కల బరువు వ్రాసుకొంటే బాకీ ఎలా ఏర్పడిందో చూపగలడు. నూలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది కనుక వానాకాలంలో తూచిన నూలుకు, ఎండాకాలంలో తూచిన బట్టకు బరువులో తేడా రావడం సహజం.

బట్ట రకాన్ని నిర్ణయించేటప్పుడు చట్టాన్ని కూడా గమనించాలి. 1985లో వచ్చిన చేనేత రిజర్వేషను చట్టం కొన్ని రకాల బట్టలను చేనేత మగ్గాలకే కేటాయించింది. మొదట 22 రకాలు ఉండగా, తరువాత వాటిని 11కు తగ్గించారు. నిర్దిష్ట లక్షణాలు గల చీరలు, ధోవతులు, తువ్వాళ్ళు, లుంగీలు వీటిలో ఉన్నాయి. అటువంటి బట్టను మరమగ్గం మీద నేయడం చట్టవిరుద్ధం.

ఊలు అల్లికతో పోలిక

ఊలు అల్లికలో పడుగు, పేక ఉండవు. ఒకే దారంతో కొక్కేల వంటి ముడులను వరుసలుగా అల్లుతారు. అయినా లెక్క వేసే తీరు దగ్గరగానే ఉంటుంది. పన్నె నంబరుకు బదులు సూదుల నంబరు, అంగుళానికి పోగులకు బదులు 10 సెంటీమీటర్లకు ముడుల సంఖ్య, పేకలకు బదులు వరుసల సంఖ్య వ్రాస్తారు. ఊలు ఉండ మీది కాగితపు పట్టీని, దానిపై ముద్రించిన రంగు విడత నంబరుతో సహా పుస్తకంలో అతికిస్తారు. అల్లికను విప్పి దారాన్ని మరల వాడుకోవచ్చు. నేసిన బట్టను ఆ విధంగా విప్పి వాడుకోవడం ఆచరణలో సాధ్యం కాదు. కాబట్టి ముందు లెక్క యొక్క అవసరం నేతలో మరింత ఎక్కువ.

పరిమితులు

పుస్తకంలోని లెక్క అంచనా మాత్రమే. నూలు నంబరు ముద్రించిన దానికి సరిగ్గా సమానంగా ఉండకపోవచ్చు. పడుగు కుదింపు నూలు మందాన్ని, పేకల సాంద్రతను, పడుగు బిగింపును బట్టి మారుతుంది. అందువలన నేత ముగిసిన తరువాత అసలు ఖర్చును అంచనా పక్కనే వ్రాయాలి. ఉదాహరణకు కుదింపు 6 కాక 8గా తేలితే, అదే మగ్గం మీద అదే నూలుతో తరువాతి పడుగుకు 8నే తీసుకోవాలి. ఇటువంటి సవరణలు చేరినకొద్దీ పుస్తకం ఆ మగ్గానికే చెందిన కొలమానంగా తయారవుతుంది. మగ్గం చేతులు మారినప్పుడు, లేదా ఇంటిలోని తరువాతి తరంవారు పని చేపట్టినప్పుడు ఈ సమాచారం వారికి ఉపయోగపడుతుంది.

ఇవి కూడా చూడండి

* నగరి
* చేనేత
* మరమగ్గం
* నూలు
* నారాయణవనం
* కుశస్థలి నది