టయోటా: మగ్గం నుంచి మోటారు కారు దాకా

9.0 లక్ష్యం

ఈ భాగం చదివిన తరవాత, ఒక పారిశ్రామిక సంస్థకు నాణ్యత విషయంలో పేరు ఎలా వస్తుందో, ఆ పేరు ఏ పరిస్థితుల్లో దెబ్బతింటుందో టయోటా చరిత్ర ఆధారంగా మీరు వివరించగలగాలి. కిందటి భాగంలో భారీ స్థాయి ఉత్పత్తి గురించి, ఫోర్డ్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైను గురించి చదువుకొన్నారు. దాన్ని గుర్తుంచుకొని ఈ భాగం చదవండి.

9.1 ఉపోద్ఘాతం

దూరప్రయాణానికి బండి మాట్లాడుకొనేటప్పుడు "ఇన్నోవా దొరుకుతుందేమో చూడు" అనే మాట మీరు వినే ఉంటారు. అలా అనేవారిలో చాలామందికి ఇంజను గురించి ఏమీ తెలియదు. దారిలో ఆగిపోదు అన్న నమ్మకం మాత్రం ఉంటుంది. వాణిజ్యశాస్త్రంలో సంస్థ ప్రతిష్ఠ అని మనం పిలిచేది ఇదే. అది ఖాతా పుస్తకాల్లో యంత్రాల్లాగా, భవనాల్లాగా కనిపించదు. కానీ పోయినప్పుడు దాని విలువ ఎంతో తెలుస్తుంది.

టయోటాకు ఈ పేరు పుట్టుకతో వచ్చింది కాదు. మొదట్లో ఈ కంపెనీ తయారుచేసిన ట్రక్కులు దారిలో తరచు చెడిపోయేవి. అమెరికాకు పంపిన మొదటి కార్లు అక్కడి రోడ్లమీద నిలవలేకపోయాయి. ఒక దశలో కంపెనీ దివాలా అంచు దాకా వెళ్లింది.

9.2 మగ్గాల నుంచి మొదలు

సంస్థ మూలపురుషుడు సాకిచి టొయోడా (1867-1930) ఒక వడ్రంగి కొడుకు. చేతిమగ్గంలో చేసిన మార్పుకు 1891లో ఆయనకు మొదటి పేటెంటు లభించింది. ఆ తరవాత ఆయన జీవితమంతా మగ్గాలతోనే గడిచింది. ఆనాటి మరమగ్గాల్లో ఒక పెద్ద లోపం ఉండేది. పడుగు పోగు తెగినా మగ్గం ఆగేది కాదు. లోపం ఉన్న గుడ్డను అలాగే నేస్తూ పోయేది. అందువల్ల మగ్గం పక్కన మనిషి కాపలా ఉండవలసి వచ్చేది. సిరిసిల్లలోనో నగరిలోనో మరమగ్గాల షెడ్డులోకి అడుగుపెట్టినవారికి ఈ ఇబ్బంది వేరుగా చెప్పనక్కర్లేదు.

1924లో పూర్తయిన జి-రకం ఆటోమేటిక్ మగ్గంలో పోగు తెగిన వెంటనే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. నాడెను మార్చడానికి మాత్రం ఆగనక్కర్లేదు. దీంతో ఒక్క కార్మికురాలే ఎన్నో మగ్గాలను చూసుకోగలిగింది. లోపం కనిపించిన చోటే పని ఆగాలి అనే ఈ సూత్రానికి తరవాతి కాలంలో 'జిదోకా' అనే పేరు స్థిరపడింది. కార్ల కర్మాగారంలో ఇదే ప్రధాన సూత్రమైంది కాబట్టి ఈ మగ్గాన్ని మరచిపోకండి.

ఈ మగ్గం పేటెంటు హక్కులను 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ సంస్థ లక్ష పౌండ్లకు కొన్నది. ఒకప్పుడు జపాన్‌కు మగ్గాలు అమ్మిన దేశమే ఇప్పుడు జపాన్ మగ్గాన్ని కొన్నది.

9.3 కారు తయారీలోకి

సాకిచి కుమారుడు కీచిరో టొయోడా (1894-1952) ఇంజనీరు. 1933లో మగ్గాల కంపెనీలోనే ఒక ఆటోమొబైల్ విభాగాన్ని ప్రారంభించాడు. అప్పటికి జపాన్ మార్కెట్టు ఫోర్డ్, జనరల్ మోటార్స్ చేతుల్లో ఉంది. ఆ రెండూ యోకొహామా, ఒసాకాలలో కర్మాగారాలు పెట్టి, అమెరికా నుంచి తెచ్చిన విడిభాగాలను బిగించి అమ్మేవి. 1935లో కీచిరో బృందం జి1 ట్రక్కును, 1936లో ఏఏ నమూనా కారును మార్కెట్టులోకి తెచ్చింది. అదే 1936లో జపాన్ ప్రభుత్వం చేసిన ఆటోమొబైల్ పరిశ్రమ చట్టం విదేశీ కంపెనీలను కట్టడి చేసి, స్వదేశీ సంస్థలకు రక్షణ కల్పించింది. సైన్యానికి ట్రక్కులు కావాలన్నది దాని వెనక ఉన్న అసలు అవసరం. 'స్వయంకృషితో ఎదిగిన సంస్థ' అని టయోటాను పొగిడే పుస్తకాలు ఈ చట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేయడం సరికాదు.

1937 ఆగస్టు 28న టయోటా మోటార్ కంపెనీ ప్రత్యేక సంస్థగా ఏర్పడింది. కుటుంబం పేరు 'టొయోడా' అయినా కంపెనీ పేరును 'టయోటా' అని మార్చారు. జపాన్ లిపిలో ఈ పేరు రాయడానికి ఎనిమిది గీతలు చాలు. ఎనిమిది అక్కడ శుభసంఖ్య. కర్మాగారం పెట్టిన కొరొమో పట్టణం పేరును 1959లో టయోటా నగరంగా మార్చారు. ఊరి పేరు కంపెనీకి పెట్టడం మామూలే. ఇక్కడ కంపెనీ పేరు ఊరికి వచ్చింది.

9.4 1950 సంక్షోభం

యుద్ధానంతరం 1949లో అమెరికన్ ఆక్రమణ అధికారులు ద్రవ్యోల్బణాన్ని అణచడానికి కఠినమైన పొదుపు విధానాన్ని అమలుచేశారు. గిరాకీ పడిపోయింది, అమ్మిన ట్రక్కుల బాకీలు వసూలు కాలేదు. వేతనాల్లో కోతకు కార్మికులు ఒప్పుకొంటే ఎవరినీ తొలగించబోమని కీచిరో సంఘానికి మాట ఇచ్చాడు. బ్యాంకులు మాత్రం అప్పు ఇవ్వడానికి ఉత్పత్తి తగ్గించాలని, సిబ్బందిని తగ్గించాలని, అమ్మకాల విభాగాన్ని వేరే కంపెనీగా విడగొట్టాలని పట్టుబట్టాయి. 1950 వసంతంలో సమ్మె మొదలైంది. చివరికి సుమారు 2,000 మంది ఉద్యోగాలు వదులుకొన్నారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయిన కీచిరో జూన్‌లో అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు.

అదే నెల 25న కొరియా యుద్ధం మొదలైంది. అమెరికా సైన్యం నుంచి వేల ట్రక్కుల ఆర్డర్లు వచ్చాయి, కంపెనీ నిలబడింది. కీచిరోను మళ్లీ రమ్మని అడిగారు. కానీ ఆయన 1952 మార్చిలో, బాధ్యతలు చేపట్టకముందే మరణించాడు.

ఈ సంక్షోభం నుంచి కంపెనీ రెండు పాఠాలు నేర్చుకొంది. అమ్ముడుపోని సరుకు పేరుకుపోతే సంస్థ బ్యాంకుల చేతుల్లోకి పోతుందన్నది మొదటిది. శాశ్వత ఉద్యోగులను తొలగిస్తే ఆ గాయం చాలాకాలం మానదన్నది రెండోది. ఆ తరవాత శాశ్వత ఉద్యోగులకు ఉద్యోగభద్రత, దానికి బదులుగా యాజమాన్యంతో సంఘం సహకారం అనే ఒప్పందం స్థిరపడింది. 'శాశ్వత' అన్న మాట కింద గీత గీసుకోండి, 9.7లో దాని అవసరం వస్తుంది.

9.5 టయోటా ఉత్పత్తి విధానం

1950లో కీచిరో దాయాది ఈజీ టొయోడా అమెరికా వెళ్లి ఫోర్డ్ కర్మాగారాన్ని చూసి వచ్చాడు. ఫోర్డ్ పద్ధతి ఒకే రకం కారును లక్షల్లో తయారుచేసేటప్పుడు లాభసాటి. జపాన్ మార్కెట్టు చిన్నది. తక్కువ సంఖ్యలో చాలా రకాలు కావాలి, పెట్టుబడి లేదు. ఈ చిక్కుముడిని విప్పే పని ప్రధానంగా తాయిచి ఓనో అనే ఇంజనీరు మీద పడింది. ఆయన మొదట టొయోడా నూలు మిల్లులో పనిచేసి 1943లో మోటారు కంపెనీకి వచ్చినవాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక టిఫిను హోటలువాడు తెల్లవారుజామునే మూడు వందల దోసెలు పోసి పెట్టుకొన్నాడనుకొందాం. చల్లారిన దోసె ఎవరూ తినరు. పైగా పిండి పులిసిపోయిన సంగతి మూడు వందలూ పోశాకగాని తెలియదు. మరొకడు చీటీ వచ్చిన తరవాతే పోస్తాడు. మొదటి దోసె తిన్నవాడు మొహం చిట్లించగానే పిండి సంగతి తెలిసిపోతుంది. ఓనో చేసింది రెండో పద్ధతి. అమెరికన్ సూపర్‌మార్కెట్టులో కొనుగోలుదారు తీసుకొన్న సరుకునే తిరిగి అరలో నింపుతారు. అదే విధంగా, కర్మాగారంలో తరవాతి దశవారు తమకు కావలసిన భాగాలను ముందు దశ నుంచి తీసుకొంటారు. తీసుకొన్నంత మేరకే ముందు దశవారు తిరిగి తయారుచేస్తారు. ఈ సమాచారాన్ని చేరవేసే చీటీ పేరు 'కన్‌బాన్'. అవసరమైన వస్తువు, అవసరమైన సమయానికి, అవసరమైనంత మేరకే అన్న ఈ సూత్రమే 'జస్ట్ ఇన్ టైమ్'.

చాలామంది విద్యార్థులు ఇక్కడ ఆగిపోయి, ఇది గోదాము ఖర్చు తగ్గించుకొనే ఉపాయమని రాస్తారు. అది సగం జవాబే. నిల్వలు తగ్గితే లోపాలు దాక్కోవడానికి చోటుండదు. పక్కన వెయ్యి విడిభాగాలు నిల్వ ఉంటే ఒకటి పాడైనా మరొకటి తీసుకొని పని కానిస్తారు, ఎందుకు పాడైందని ఎవరూ అడగరు. పక్కన ఒక్కటే ఉంటే అడిగి తీరాలి.

సాకిచి మగ్గం ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. అసెంబ్లీ లైనుమీద పనిచేసే ఏ కార్మికుడైనా లోపం చూస్తే తాడు లాగవచ్చు. 'అందోన్' అనే దీపాల పలక వెలుగుతుంది, బృంద నాయకుడు వస్తాడు. ఆ దశ పూర్తయ్యేలోగా సమస్య తీరకపోతే లైను ఆగుతుంది. ఫోర్డ్ తరహా కర్మాగారంలో లైను ఆపే అధికారం మామూలు కార్మికుడికి ఉండేది కాదు. లోపాలను చివర్లో ఉండే తనిఖీ విభాగం చూసుకొనేది.

ఈ విధానానికి ఉన్న బలహీనత 1997 ఫిబ్రవరి 1న బయటపడింది. బ్రేకులకు అవసరమైన ఒక చిన్న కవాటాన్ని టయోటాకు దాదాపు మొత్తంగా సరఫరా చేసే ఐసిన్ సేకి కర్మాగారం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. నిల్వలు కొన్ని గంటలకు మించి లేవు. జపాన్‌లోని టయోటా లైన్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. అయితే ఇతర సరఫరాదారులు, ఎన్నడూ ఆ భాగం తయారుచేయనివారు కూడా, నమూనాలు తీసుకొని తమ యంత్రాలమీద కవాటాలు చేసి ఇచ్చారు. సుమారు వారంలో ఉత్పత్తి తిరిగి గాడిలో పడింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీకు తెలిసిన ఒక చిన్న వ్యాపారంలో (కిరాణా దుకాణం, మందుల షాపు, కుట్టుపని కేంద్రం) నిల్వలు ఏ లోపాన్ని దాచిపెడుతున్నాయో అయిదు వాక్యాల్లో రాయండి.

9.6 అమెరికాలో పేరు

1957లో టయోటా అమెరికాలో అమ్మకాల కంపెనీ తెరిచి టొయోపెట్ క్రౌన్ కారును పంపింది. జపాన్ గతుకుల రోడ్లకు తగినట్టు చేసిన ఆ బరువైన కారు అక్కడి హైవేల వేగాన్ని తట్టుకోలేకపోయింది, ఇంజను వేడెక్కేది. కొద్ది సంవత్సరాల్లోనే దాన్ని ఉపసంహరించారు. 1965లో అమెరికన్ రోడ్ల కోసం మెరుగుపరచిన కొరోనాతో మళ్లీ ప్రవేశించారు. 1966లో జపాన్‌లో కొరోలా విడుదలైంది. 1973 చమురు సంక్షోభంతో తక్కువ పెట్రోలు తాగే చిన్నకార్లకు గిరాకీ పెరిగింది. 1981 నాటికి అమెరికా ఒత్తిడి మీద జపాన్ తన కార్ల ఎగుమతులను ఏడాదికి 16,80,000కు స్వచ్ఛందంగా పరిమితం చేసుకోవలసి వచ్చింది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో మూసివేసిన కర్మాగారం క్రమశిక్షణ లేమికి, గైరుహాజరీకి పేరుపడ్డది. 1984లో టయోటా, జనరల్ మోటార్స్ కలిసి అదే చోట ఉమ్మడి సంస్థను ప్రారంభించాయి. ఎక్కువగా ఆ పాత కార్మికులనే, అదే సంఘంతో సహా, తిరిగి తీసుకొన్నాయి. కొద్దికాలంలోనే అక్కడి కార్లు జనరల్ మోటార్స్ కర్మాగారాల్లో ఉత్తమమైన వాటి సరసన నిలిచాయి. లోపం మనుషుల్లో ఉందా, విధానంలో ఉందా అన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు నిర్వహణశాస్త్రంలో అరుదు.

1989లో విలాసవంతమైన లెక్సస్ కారు వచ్చింది. కొద్ది నెలల్లోనే అందులో చిన్న లోపాలు బయటపడగా, అమ్మిన సుమారు 8,000 కార్లను కంపెనీవారే కొన్నవారి దగ్గరికి వెళ్లి తీసుకొచ్చి, సరిచేసి, కడిగి తిరిగి అప్పగించారు. లోపం వల్ల పోవలసిన పేరు దాన్ని సరిదిద్దిన తీరు వల్ల పెరిగింది.

9.7 మరో పార్శ్వం

సతోషి కమాతా అనే పాత్రికేయుడు 1972లో టయోటాలో సీజను కార్మికుడిగా చేరి, తన అనుభవాన్ని 1973లో పుస్తకంగా ప్రచురించాడు. నిమిషానికి ఇన్ని చొప్పున ముంచుకొచ్చే పనులు, గాయాలు, హాస్టలు జీవితం అందులో ఉన్నాయి. గిరాకీ పెరిగినప్పుడు తీసుకొని తగ్గినప్పుడు పంపేసే ఇలాంటి తాత్కాలికుల వల్లనే శాశ్వత ఉద్యోగుల భద్రత సాధ్యమైందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

2002లో టయోటా కర్మాగారంలో నాణ్యత పర్యవేక్షణ పనిచేస్తున్న 30 ఏళ్ల ఉద్యోగి రాత్రి డ్యూటీలో కుప్పకూలి మరణించాడు. చివరి నెలలో ఆయన నూరు గంటలకు పైగా అదనపు పని చేశాడు. అందులో 'స్వచ్ఛంద' నాణ్యతా బృంద సమావేశాల సమయాన్ని పనిగా లెక్కించలేమని కార్మిక అధికారులు వాదించారు. భార్య కోర్టుకు వెళ్లింది. 2007లో నగోయా జిల్లా కోర్టు ఆ సమయం కూడా పనేనని, మరణానికి అధిక శ్రమే కారణమని తీర్పు చెప్పింది. కైజెన్ గురించి మనం చదివే ప్రశంసల పక్కన ఈ తీర్పు కూడా ఉండాలి.

9.8 పేరు దెబ్బతిన్న కాలం

2008లో టయోటా అమ్మకాల్లో జనరల్ మోటార్స్‌ను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాది ఆగస్టు 28న (యాదృచ్ఛికమే గాని, సంస్థ స్థాపన తేదీ కూడా అదే) కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ కారు అదుపు తప్పి ఒకే కుటుంబానికి చెందిన నలుగురు మరణించారు. వేరే మోడల్‌కు చెందిన కాలిపట్టా కింద వేగం పెంచే పెడల్ ఇరుక్కుపోయింది. కారు ఆగడం లేదని అందులోనివారు అత్యవసర నంబరుకు చేసిన ఫోను కాల్ దేశమంతా ప్రసారమైంది. తరవాతి నెలల్లో పట్టాల సమస్య మీద, అతుక్కుపోయే పెడల్ సమస్య మీద ప్రపంచవ్యాప్తంగా 80 లక్షలకు పైగా వాహనాలను వెనక్కి పిలిచారు.

కీచిరో మనవడు, అధ్యక్షుడు అకియో టొయోడా 2010 ఫిబ్రవరిలో అమెరికన్ కాంగ్రెస్ సంఘం ముందు హాజరయ్యాడు. మొదట భద్రత, తరవాత నాణ్యత, ఆ తరవాత సంఖ్య అన్న తమ వరుసక్రమం గందరగోళమైందని, మనుషులను తయారుచేసుకొనే వేగాన్ని మించి సంస్థ పెరిగిందని ఒప్పుకొన్నాడు. ఎలక్ట్రానిక్ వ్యవస్థలో లోపముందన్న అనుమానాన్ని నాసా ఇంజనీర్ల సాయంతో పరిశీలించిన ప్రభుత్వం, 2011లో అలాంటి ఆధారం దొరకలేదని ప్రకటించింది. కానీ 2014లో కంపెనీ 120 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ చెల్లింపు లోపానికి కాదు. లోపం గురించి తెలిసీ వినియోగదారులను తప్పుదారి పట్టించినందుకు. 1989లో లెక్సస్ విషయంలో చేసినదానితో దీన్ని పోల్చి చూడండి.

9.9 భారతదేశం, ఆ తరవాత

1980లలో తేలికపాటి ట్రక్కుల కోసం నాలుగు జపాన్ కంపెనీలు భారతీయ భాగస్వాములతో ఇక్కడికి వచ్చాయి. మెదక్ జిల్లా జహీరాబాద్‌లో వెలసిన ఆల్విన్ నిస్సాన్ వాటిలో ఒకటి. డీసీఎం టయోటా మరొకటి. రెండూ ఆ పేర్లతో నిలవలేదు. టయోటా 1997లో కిర్లోస్కర్‌తో కలిసి కర్ణాటకలోని బిడదిలో కర్మాగారం పెట్టి, 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా తెచ్చింది. వాహనాలకు మంచి పేరు వచ్చింది. కర్మాగారంలో సంబంధాలు మాత్రం అంత సాఫీగా లేవు. వేతనాల మీద, పని భారం మీద వివాదాలతో 2014లోను, 2020లోను లాకౌట్లు జరిగాయి.

2023 డిసెంబరులో టయోటా అనుబంధ సంస్థ దైహత్సుపై స్వతంత్ర విచారణ సంఘం నివేదిక వెలువడింది. 64 మోడళ్లలో, భద్రతా పరీక్షలకు సంబంధించి 174 అక్రమాలు జరిగాయని తేల్చింది. వాటిలో అతి పాతది 1989 నాటిది. కొత్త మోడళ్లకు విధించిన గడువులు మరీ బిగుతుగా ఉండటం, పరీక్షలు చేసేవారు 'సాధ్యం కాదు' అని పైవారికి చెప్పలేకపోవడం కారణాలుగా సంఘం పేర్కొన్నది. అసెంబ్లీ లైనుమీద కార్మికుడి చేతికి అందేలా తాడు ఉంది. పరీక్షల విభాగంలో ఆ తాడు లేదు.

నమూనా ప్రశ్నలు

1. నిల్వలు తగ్గించడానికి, నాణ్యత పెరగడానికి ఉన్న సంబంధాన్ని సొంత ఉదాహరణతో వివరించండి.

2. "టయోటా విధానం కార్మికుడికి అధికారం ఇచ్చింది." 9.5, 9.7 విభాగాల ఆధారంగా ఈ వాక్యాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.