పడకగదిలో చదివితే నిద్ర ఎందుకు వస్తుంది?

హైదరాబాద్ పరిసరాలలో కొండాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా పరిశ్రమల చుట్టూ ఉన్న ఒకటి రెండు గదుల అద్దె ఇళ్లలో చదువుకు వేరే గది దొరకదు కనుక, కరోనా వల్ల బడులు మూతపడి 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ ఛానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు పడుకునే గదే తరగతి గదిగా మారవలసి వచ్చింది.

మంచం మీద పుస్తకం తెరవగానే కళ్లు మూతలు పడితే దానిని బద్ధకమని పిల్లలను నిందించడం అన్యాయం. రోజూ ఒకే చోట ఒకే పని చేస్తుంటే, ఆ చోటు చేరగానే మెదడు ఆ పనికి సిద్ధమవుతుంది. ఈ అలవాటును మనస్తత్వ శాస్త్రంలో నిబంధనం అంటారు. నిద్రలేమికి 1972లో రిచర్డ్ బూట్జిన్ ప్రతిపాదించిన ఉద్దీపన నియంత్రణ, అంటే మంచాన్ని నిద్రకే ఉంచి మిగిలిన పనులన్నీ వేరే చోట చేసుకోవడం, ఈ సూత్రం మీదనే నిలిచింది. మంచం మీద చదివితే చదువుకు నిద్ర అడ్డుపడడమే కాక, క్రమంగా నిద్రకు చదువు కూడా అడ్డుపడవచ్చు.

అలాగని ప్రత్యేక గది తప్పనిసరి కాదు. ఒకే పదాల జాబితాను ఒకే గదిలో రెండుసార్లు చదివినవారి కంటే రెండు వేర్వేరు గదులలో చదివినవారికి ఎక్కువ పదాలు గుర్తున్నాయని స్మిత్, గ్లెన్‌బర్గ్, బ్యోర్క్ 1978లో ప్రయోగపూర్వకంగా చూపారు. కనుక ఒకే గది ఉన్న ఇంట్లో మంచానికి వీపు పెట్టి, కిటికీ వెలుతురు పడేచోట చాప పరచుకుని చదివి, అదే పాఠాన్ని మరునాడు బడి వరండాలోనో గ్రంథాలయంలోనో మళ్లీ చదవవచ్చు.